గొంతు మార్చి పెడతారట

మే 21

కోటి దాటింది.

పొద్దున షాపు షట్టర్ ఎత్తానో లేదో మాతో పనిచేసే మాధవి ఫోన్ పట్టుకుని ఎదురొచ్చింది. "అన్నా, మీ గీతక్క పాట కోటి మంది చూసినారంట. స్వీట్లు యాడ?" అంది. గల్లా పెట్టె దగ్గర నుంచి రంగనాయకులు శెట్టిగారు కూడా నవ్వారు. "ఏమప్పా హరికృష్ణా, చెల్లెలు హైదరాబాదులో సినిమాలకు పాడతాంటే నువ్వీడ లైనింగు గుడ్డ చించుకుంటా కూచుంటే ఎట్ల?" హాస్యానికే అన్నారు. ఆయనకు నా మీద ఏమీ లేదు. నాకే రోజంతా ఆయన మీద కోపం పోలేదు.

చీర తెచ్చి చూపిస్తే దానికి నప్పే జాకెట్ గుడ్డ తీసి కొలిచి ఇవ్వడం నా పగటి పని. ముహూర్తాలున్నప్పుడు పెన్నా మెలోడీస్ ఆర్కెస్ట్రాలో పాడటం అసలు పని. ఇరవై రెండేళ్లయింది. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో నా పాట లేకుండా పెళ్లి చేసుకున్నవాళ్లు తక్కువ. గీతాంజలి నా చిన్నాయన కూతురు. శ్రుతి అంటే ఏమిటో దానికి చెప్పింది నేను. మైకు నోటికి ఎంత దూరంలో ఉండాలో చూపించింది నేను. పాట కింద ఎవరెవరికో కృతజ్ఞతలు రాశారు. నా పేరు ఉందేమోనని చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను.

మే 23

ఖలందర్ షాపుకొచ్చాడు. మా ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తాడు. టీ తాగుదాం రమ్మని బయటికి తీసుకెళ్లి ఫోన్ చేతిలో పెట్టాడు. "నిజం కన్ను" అని ఒక యూట్యూబ్ చానెల్. మాట్లాడేవాడు కనిపించడు, గొంతు మాత్రమే. పాటల్లో పైకొచ్చిన వాళ్లంతా ఒక గుంపుకు రహస్యంగా సంతకం పెట్టినవాళ్లేనట. గుర్తుగా ఫోటోల్లో ఒక కన్ను మూస్తారట. అన్నిటికంటే ముందు సొంత మనిషిని ఒకరిని బలి ఇవ్వాలట. అప్పుడే పాట లేస్తుందట.

నేను పడీ పడీ నవ్వాను.

"నవ్వొద్దు మామా," అన్నాడు ఖలందర్. "ప్రపంచమంతా ఇట్లే జరుగుతాందంట. లేకుంటే నీ అంత గొంతు ఉన్నోడు ఈడ ఎందుకుంటాడు చెప్పు?"

టీ డబ్బులు నేనే ఇచ్చాను.

మే 24

ఆ వీడియో మళ్లీ చూశాను. నాలుగుసార్లు. ఊరికే, తెలుసుకుందామని.

మే 28

పులివెందులలో పెళ్లి. నిన్న పాడి ఈ పొద్దు మధ్యాహ్నం వచ్చాను. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

మూడో పాట కాగానే పెళ్లికూతురి మేనమామ స్టేజి దగ్గరికి వచ్చాడు. "ఆ కోటి మంది చూసిన గొర్రెపిల్ల పాట పాడప్పా, మీ పక్క పాపదే గదా" అన్నాడు. రాదన్నాను. వెనక నుంచి పదిమంది అరిచారు. రాకపోవడమేమిటి, నేను చిన్నప్పటి నుంచి విన్న పాట అది. గీత వాళ్ల నాయన, మా పెంచలయ్య చిన్నాయన, గొర్రెల మంద వెంబడి తిరుగుతూ పాడే పాట. "గట్టెక్కిన గొర్రెపిల్లా, గాలొచ్చె దిగిరాయే" అని. ఎత్తుకున్నాను. రెండో చరణం మధ్యలో మాట దొరకలేదు. కీబోర్డు వాడు సర్దాడు. దిగాక ఒక ముసలామె నా ముందరే పక్కామెతో అంది: "ఆ పాప పాడితే ఏడుపొస్తాది. ఈయప్పది బాగుంది గానీ రేడియో మాదిరి ఉంది."

మూడేళ్ల కిందట ఇదే పులివెందులలో ఇంకో పెళ్లికి గీత నా పక్కన ఈ పాటే ఎత్తుకుంటే ఆపించాను. "గొర్లోళ్ల పాటలు స్టేజీ మింద పాడొద్దు. పరువు పోతాది. సినిమా పాటలు నేర్చుకో" అన్నాను. అది తల ఊపింది. ఏడాది తిరక్కుండా హైదరాబాదు పోయింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియడం లేదు. ఆ రోజు నేనన్నది తప్పని కాదు. ఆ రోజుకు అది సరైన మాటే.

మే 29

ప్రశాంతంగా ఆలోచించాను. కోపంతో కాదు.

చిన్నాయన జనవరిలో పోయాడు. పాట మార్చిలో వచ్చింది. మధ్యలో యాభై మూడు రోజులు. పాట వీడియోలో గీత అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఒక కన్ను మూస్తుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. గట్టు మీద గాలి హోరుకు చిన్నాయన అలాగే చెవినీ చెంపనూ మూసుకుని పాడేవాడు, చెయ్యి కంటిదాకా వచ్చేది. ఆ అలవాటే దీనికీ వచ్చింది. అది నాకు తెలుసు. కానీ వీడియో తీసినవాడు అది మూడుసార్లు ఎందుకు ఉంచాడు? వాడికి ఎవరు చెప్పారు?

చిన్నాయనకు కామెర్లు ముదిరాయి. ఊళ్లో ఆకు మందు తిని నెల పోగొట్టుకున్నాడు. అదీ నాకు తెలుసు. కానీ అందరికీ కామెర్లు వస్తాయి, అందరూ పోతారా?

నేను ఏదీ తేల్చి చెప్పడం లేదు. లెక్క కుదురుతోంది అంటున్నాను, అంతే.

జూన్ 1

పాత ఫోన్ తీశాను. గీత ఫోటోలు ఉన్నాయి, మంద దగ్గర తీసినవి. అందులో ఒకటి చాలాసేపు చూశాను.

ఫోటోలో అది గొంతుక్కూర్చుని ఉంటుంది. కుడి చేతిలో కత్తి. రెండు చేతులూ మోచేతుల దాకా నెత్తురు. ముందర నల్లటి గొర్రెపిల్ల తోలు పరిచి ఉంటుంది. నా వైపు చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటుంది.

ఆ పొద్దు ఒక గొర్రెకు పుట్టిన పిల్ల చచ్చిపోయింది. ఇంకో గొర్రె ఈనుతూ చచ్చిపోయి దాని పిల్ల మిగిలింది. పరాయి పిల్లకు ఏ గొర్రె పాలివ్వదు, తంతుంది. అందుకని చచ్చిన పిల్ల తోలు ఒలిచి బతికిన పిల్లకు చొక్కాలాగా తొడుగుతారు. తల్లి వాసన చూసి తన పిల్లే అనుకుని పాలిస్తుంది. మా ఇళ్లల్లో పిల్లలు బడికి పోకముందే ఈ పని నేర్చుకుంటారు. నేనూ చేశాను. ఆ రోజు తోలు తొడిగాక పిల్ల పాలు తాగుతుంటే గీత ఎగిరి చప్పట్లు కొట్టింది. ఆ ఫోటో కూడా ఉండాలి. వెతికాను, కనిపించలేదు.

జూన్ 2

పంపాను. నా పేరు బయటపెట్టొద్దని నిజం కన్ను వాడికి చెప్పాను. ఫోటో కింద నేను ఒక్క మాట కూడా రాయలేదు. ఏమనుకోవాలో చూసేవాళ్లు అనుకుంటారు.

జూన్ 4

వచ్చింది. "కోటి వ్యూస్ వెనక నెత్తుటి పూజ" అని వీడియోకు పేరు పెట్టాడు. ఆ పేరు నేను చెప్పలేదు.

షాపులో చీర మడతలు విప్పి కూర్చున్న ఆడవాళ్లు ఫోన్‌లో అదే చూస్తున్నారు. మాధవి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "ఇది నిజమేనా అన్నా? గీతక్క అట్లాంటిది కాదు గదా?"

"ఏమో తల్లీ. పెద్దోళ్ల యవ్వారాలు మనకేం తెలుసు" అన్నాను.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత అన్నం సయించింది.

జూన్ 5

పన్నెండు లక్షలు.

జూన్ 6

గీత ఫోన్ చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాను.

"అన్నా, చూసినావా?" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. పాడేవాళ్లు అంత ఏడవకూడదు.

"చూసినా."

"నాయన్ను నేను చంపుకున్నానంట అన్నా. వాళ్లు ఏమన్నా అనుకోనీ, ఆ మాట ఎట్ల అంటారు? నా ఫోన్ పోయినప్పుడు అందులోవి ఎవరో తీసింటారు. నువ్వు ఒక వీడియో పెట్టన్నా. తోలు ఎందుకు ఒలుస్తారో చెప్పు. మనోళ్లు చెప్తే నమ్ముతారు."

ఆ ఫోటో నేను దానికి ఎప్పుడో పంపినట్టున్నాను. అది దాని ఫోన్‌లోనూ ఉండటం నాకు మంచిదే అయింది.

"చూస్తాలే. ముందు నీళ్లు తాగు" అన్నాను.

"నువ్వుండావని ధైర్యం అన్నా" అంది.

ఫోన్ పెట్టేశాక నాకు చెమటలు పట్టాయి. ఎండ ఎక్కువగా ఉంది.

జూన్ 8

నిజం కన్ను వాడు ఫోన్ చేశాడు. కుటుంబంలో మనిషి మాట్లాడితే జనం ఇంకా నమ్ముతారట. ముఖం కనిపించదు, పేరు రాదు అన్నాడు. నేను సింగర్‌నని చెప్పాను. ఇరవై రెండేళ్ల అనుభవం ఉందని, కావాలంటే మొదట్లో రెండు లైన్లు పాడతానని కూడా అన్నాను. వాడు నవ్వాడు. "పాట వద్దు బ్రో. మిమ్మల్ని గుర్తుపట్టకుండా గొంతు మార్చి పెడతాం" అన్నాడు.

గొంతు మార్చి పెడతారట. ఇన్నేళ్లకు లక్షల మంది నన్ను వింటారు, అదీ గొంతు మార్చి.

జూన్ 9

మాట్లాడాను. ఆర్కెస్ట్రా సామాన్లు పెట్టే గదిలో తలుపేసుకుని, మంచి మైకుతో.

మొదట్లో అన్నీ నిజాలే చెప్పాను. చిన్నాయనకు కామెర్లని చెప్పాను. వాడు "ఇంకా? చివర్లో ఏమన్నా చెప్పాడా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా. చివరి రోజు మజ్జిగ అడిగాడని, తెచ్చిస్తే తాగలేదని చెప్పాను. అది నిజమే. తర్వాత తలుపు వైపు భయంగా చూసి "కూతురే నన్ను ఇచ్చేసింది" అన్నాడని చెప్పాను.

చిన్నాయన తలుపు వైపు చూసిన మాట కూడా నిజమే. బయట మంద తిరిగొచ్చిన చప్పుడైంది. "నల్లబొల్లిది ఈనిందా?" అని అడిగాడు. అవే చివరి మాటలు.

జూన్ 11

ఇరవై ఆరు లక్షలు. కింద ఎవడో రాశాడు: "ఈ అన్న గొంతులో నిజాయితీ ఉంది."

జూన్ 12

గీత పాడాల్సిన రెండు ప్రోగ్రాములు ఆగిపోయాయని ఖలందర్ చెప్పాడు. వాడు నవ్వలేదు. "మామా, మనం ఏదో కాలక్షేపానికి అనుకుంటిమి. ఇది యాడికో పోతాంది" అన్నాడు. "నేనేం చేసినా?" అని గట్టిగా అరిచాను. నువ్వు చేశావని వాడు అనలేదు.

జూన్ 14

చిన్నమ్మ షాపుకు వచ్చింది.

పెద్దముడియం పక్కన మా ఊరి నుంచి, జమ్మలమడుగులో బస్సు మారి, ఒక్కతే వచ్చింది. మహాలక్ష్మమ్మ అని చెబితే ఊళ్లో ఎవరికీ తెలియదు, మందామె అంటే తెలుస్తుంది. చిన్నాయన పోయాక ఆమే, ఆమె తమ్ముడూ మంద చూసుకుంటున్నారు. అమ్మేసి హైదరాబాదు వచ్చెయ్యమని గీత ఎన్నిసార్లు అడిగినా వినలేదు. ఆయన చేతి మంద, అమ్మనంటుంది.

శెట్టిగారు కుర్చీ వేయించారు. కూర్చోలేదు.

"మందను ఎవురూ చేన్లోకి పిలవడం లేదు హరీ" అంది. "వాన పడేలోపల నాలుగు చేన్లలో అన్నా నిలపాల. ఓబుళరెడ్డి ఏటా పిలిచేటోడు. ఈసారి వొద్దన్యాడు. నెత్తుటి పూజ చేసిన మంద, చేనుకు అరిష్టమంట. పిలకాయలు నన్ను చూసి పరిగెత్తుతాండారు. నిన్న ఎవురో కుక్కను రాయితో కొట్టినారు, కాలు పోయింది."

ఏటా ఎండాకాలం రైతులు బతిమాలి మందను పిలుస్తారు. రాత్రిళ్లు గొర్రెలు చేన్లో పడుకుంటే ఎరువు. బదులుగా గింజలు ఇస్తారు. చిన్నమ్మ ఏడాది తిండి అదే.

"నువ్వొచ్చి చెప్పు నాయనా. టౌనులో పాడేటోడివి, నీ మాట వింటారు. ఈడ నాకెవురున్నారు?"

శెట్టిగారు నేను అడక్కముందే రెండు రోజులు సెలవిచ్చారు. ఆయన ఇవ్వకపోతే బాగుండేది.

జూన్ 15, ఊళ్లో

పాల కేంద్రం దగ్గర పొద్దున అందరూ ఉంటారు. అక్కడికే తీసుకెళ్లింది చిన్నమ్మ. పాతికమంది దాకా ఉన్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

తోలు సంగతి చెప్పాను. బాగా చెప్పాను. తల్లి లేని పిల్ల, పిల్ల లేని తల్లి అని చెబుతుంటే ఒకరిద్దరు ఆడవాళ్లు తలలూపారు.

ఓబుళరెడ్డి చేతిలో పాల క్యాను కింద పెట్టాడు. "అది మాకు తెల్దా అప్పా? మా చేన్లల్లోనే ఎన్నిసార్లు చేసినాడు పెంచలయ్య. ఫోటో చూసి మేమేం భయపడలే."

"మరి ఏంది రెడ్డీ?"

"సొంత మనిషే చెప్పె గదప్పా. చచ్చిపోతా కూతురు పేరు చెప్పినాడంట. ఊరికే ఎవురన్నా అట్లా చెప్తారా? ఆ మాట వొట్టిదని తేలాల. లేకుంటే మా ఇండ్లల్లో ఆడోళ్లు ఒప్పుకోరు."

"అదంతా వొట్టిదే. వాడెవడో దుడ్లకు ఆశపడి చెప్పింటాడు" అన్నాను.

"వాడెవురో నీకు తెలుసా?"

చిన్నమ్మ నా పక్కనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది.

"నాకెట్ల తెలుస్తాది?" అన్నాను.

"అట్లయితే ఏం చేస్తాం. ఆ మనిషి వచ్చి ఈడ నిలబడి, నేను చెప్పింది అబద్ధం అంటే సాయంత్రానికే నా చేన్లోకి మంద తోలుకోమంటా. నాకేమన్నా పంతమా?" అన్నాడు ఓబుళరెడ్డి. తప్పు మాట కాదు. అందరూ నా వైపు చూశారు. తర్వాత పాల వ్యాను వచ్చింది, వరస కట్టారు.

ఇంటికొచ్చాక చిన్నమ్మ కొర్రన్నం, పప్పు పెట్టింది. నేను ముద్ద కలుపుతుంటే ఎదురుగా కూర్చుంది.

"మజ్జిగ అడిగినాడని చెప్పినాడు ఆ వీడియోలో మనిషి" అంది. "ఆయన మజ్జిగ అడిగినప్పుడు ఈ ఇంట్లో నువ్వూ నేనే ఉన్నాం హరీ. పాప ఇంకా బస్సులోనే ఉండె."

ముద్ద చేతిలోనే ఉంది.

"నాలుగు దినాల ముందే తెలుసు నాకు. ఆ మాట ఈడ నువ్వే చెప్తావేమోనని పిల్చుకొచ్చినా. ఓబుళరెడ్డి అడిగినప్పుడు గూడా అనుకుంటి, ఇప్పుడు చెప్తాడని." కాస్త ఆగింది. "చెప్పల్యా."

"చిన్నమ్మా..."

"తిను. అన్నం ముందర ఏడ్వగూడదు."

కాళ్లు పట్టుకుందామనుకున్నాను. ఎంగిలి చెయ్యి. ఇది సాకు అని రాస్తుంటే తెలుస్తోంది.

"రేపు మందను పెండ్లిమర్రి పక్కకు తోలుకుపోతాం. ఆడ మేమెవురో ఎవురికీ తెల్దు. పాపకు నేను చెప్పలే. చెప్పను గూడా. నాయన పాయె, అన్న గూడా లేకుంటే అదెట్ల బతుకుతాది?"

జూన్ 16

తెల్లారి మంద కదిలింది. కొంతదూరం వెంట నడిచాను. పాల కేంద్రం ముందర నుంచే పోవాలి. ఓబుళరెడ్డి అక్కడే ఉన్నాడు, పాతికమందీ ఉన్నారు. ఇప్పుడైనా ఆగి చెప్పొచ్చు అనుకున్నాను. గొర్రెలు దారి నిండా ఉన్నాయి, దుమ్ము లేచింది, అందరూ ముక్కులు మూసుకున్నారు. చిన్నమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. కాలు విరిగిన కుక్కను ఆమె తమ్ముడు భుజాన వేసుకున్నాడు.

నేను బస్టాపు వైపు తిరిగాను.

జూన్ 17

నేను దొంగని. అది ఈ ఒక్క చోటైనా రాసుకోవాలి. ఏ గుంపూ లేదు, ఏ సంతకమూ లేదు. గీత వాళ్ల నాయన పాట పాడింది, నేను పాడలేదు. అంతే జరిగింది. దాన్ని తట్టుకోలేక చచ్చిపోయిన మనిషి నోట్లో అబద్ధం పెట్టాను.

నిజం కన్ను వాడికి ఫోన్ చేసి రెండు వీడియోలూ తీసెయ్యమన్నాను. "ముప్పై ఏడు లక్షల వ్యూస్ వచ్చాయి బ్రో, ఎలా తీస్తాం?" అన్నాడు. నేనే ముఖం చూపించి అబద్ధమని చెబుతానన్నాను. "చెప్పండి, అదీ బాగా పోతుంది" అన్నాడు. రేపు మాట్లాడతానని పెట్టేశాను.

జూన్ 18

మాట్లాడలేదు.

జూన్ 20

పొద్దున గీత దగ్గర నుంచి పెద్ద మెసేజ్ వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను.

"అన్నా, అమ్మ అంతా చెప్పింది. నువ్వు పని మానుకుని పోయి ఊరందరి ముందర నా తరఫున నిలబడినావంట. అన్నం గూడా సరిగ్గా తినకుండా ఏడ్చినావంట. ఈ పదిహేను రోజుల్లో నాకోసం నోరు తెరిచింది నువ్వొక్కడివే. మ్యూజిక్ డైరెక్టర్ సార్‌తో మాట్లాడినా. నాయన పాట ఇంకొకటి చేస్తాండాం, అందులో మగ గొంతు ఉంది. మా అన్నే పాడాలని చెప్పినా. సార్ సరే అన్యాడు. పై బుధవారం రికార్డింగు. నీ పేరు నా పేరు పక్కనే వేస్తారంట. వస్తావు కదా అన్నా?"

షాపులో గుడ్డ కొలుస్తూ నాలుగుసార్లు చదివాను. మాధవి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. మధ్యాహ్నం దాకా బదులు ఇవ్వలేదు. ఇప్పుడు నిజం రాసి పంపితే అంతా తేలిపోతుంది, చిన్నమ్మ మంద తిరిగి ఊరికి వస్తుంది. రాయడం మొదలుపెట్టాను కూడా. "గీతా, ఆ గొంతు" అని రెండు మాటలు రాసి చెరిపేశాను.

సిగ్గుగా ఉంది. సంతోషంగానూ ఉంది. సంతోషమే ఎక్కువగా ఉంది.

వస్తానని రాశాను.